సబ్బు నురగ

గౌను గురువారం లోపల తిరిగి ఇయ్యాలె.
ఐదు రియాళ్ల కిరాయి, చేతుల మడత నలగొద్దు,
ఆలస్యమైతే రోజుకు అర రియాల్.
కాలేజీ అయిపోయినంక
నా ముందున్న తారీఖుల్ల
ఇదొక్కటే తేటగ ఉన్నది.

ఇంకోటి రెసిడెంట్ కార్డు మీద: నవంబరు పంతొమ్మిది.
రువీ గల్లీల పుట్టి, ఇరవై రెండేండ్లు
మస్కట్ నీళ్లే తాగినా
నేను నాయిన పేరు కింద రాసుకున్న మనిషిని.

అమ్మ పొద్దుగాల పధ్నాలుగు డబ్బాలు కడుతది,
క్యాంపుకు, వర్క్‌షాపుకు, పెట్రోల్ బంకుకు.
మాపటికి డబ్బాలు ఖాళీగ వస్తయి,
సలహాలు నిండుగ వస్తయి.
క్రేను నడిపే రాజలింగం మామ బ్యాంకు పరీక్ష రాయమన్నడు.
మోర్తాడ్ పోశెట్టి
రాళ్ల సదువుకు రాళ్లే మిగులుతయని నవ్విండు,
నవ్వి, తన చెల్లెకు ఏ కోర్సు మంచిదో నన్నే అడిగిండు.
ఒక డబ్బాల మాత్రం చీటీ, పెన్సిల్ రాత:
"పప్పుల ఉప్పు తక్కువైంది. బిడ్డ పాసైనందుకు సంతోషం."
పేరు లేదు. మూతకు సొట్ట ఉన్నది.
అమ్మ మొదటి మాటనే రెండుసార్లు చదివింది.

షమ్సాకు సూర్‌ల టీచరు ఉద్యోగం ఖాయమట.
వాళ్లత్త ఖహ్వా పోసుకుంట "మరి నువ్వు?" అన్నది.
ఖర్జూరం గింజను నోట్లనే ఉంచుకొని
చానా సేపు చప్పరించిన.

ఉన్నయి మూడు.
హైదరాబాదుల ఎమ్మెస్సీ, సెలవులకు తప్ప చూడని పట్నం.
దార్సైత్‌ల చిన్నపిల్లల బడి, నూట ఎనభై రియాళ్లు.
సోహార్ దగ్గర రాగి గని, ఆరు నెలల కాంట్రాక్టు:
భూమిలకెళ్లి తీసిన రాతి కడ్డీలను
పెట్టెల్ల వరుసగ పేర్చి
మీటరు మీటరుకు ఏమున్నదో రాసుడు.
షెడ్డు. ఎండ. క్యాంపు గది.

శుక్రారం నాయినను వాదీకి తీస్కపోయిన, ఆయన వ్యాన్‌లనే.
పైన నిచ్చెన, వెనుక సిలిండర్లు గలగల.
ఈ కొండల నీడల ముప్పై ఏండ్లు ఏసీలు బిగించిండు గని
కొండను ఒక్కసారి ముట్టుకోలే.
ఫోటో తీస్తనంటే గౌను ఏసుకున్న.
చూపించిన: ఈ నల్లాకుపచ్చ రాయి
సముద్రం అడుక్కు ఇంకా అడుగున ఉండేది,
ఆ బూడిదరంగుది సముద్రపు నేల,
రెండూ ఈడ పక్కపక్కనే పడున్నయి.
ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టు నాయినా.
చెప్పులు ఇడిచి పెట్టిండు.
కంప్రెసర్ చప్పుడు ఇన్నట్టు తల వంచి
గట్టిగ ఊపిరి పీల్చి
"కాలుతుంది" అన్నడు.

తిరుగుబాటల, చాయ్ కాడ:
"గ్యాసు ఏడ పోతుందో కంటికి కనబడది బిడ్డా.
పైపు పొడుగునా సబ్బు నురగ పూసుకుంట పోవాలె.
ఆగమాగం చెయ్యొద్దు.
బుడగ లేసిన కాడ పని ఉన్నట్టు."
నా గురించి అన్నడో,
అల్ ఖువైర్‌ల రేపటి ఏసీ గురించి అన్నడో.

రాత్రి ఒక్కొక్క పేరు మెల్లగ పైకి అన్న.
హైదరాబాద్. ఏం లేవలే. కొంచెం భయం, అది వేరే.
బడి. పిల్లల మొకాలు యాదికొచ్చినయి, అంతే.
సోహార్ అనంగనే
లోపల ఏదో చిన్నగ ఉబ్బి, రంగులు తిరిగి,
పగులుతదేమో అని
నేనే చెయ్యి అడ్డం పెట్టిన.
పక్క గదిలకెళ్లి అమ్మ గొంతు:
"ఆడపిల్లలకు అక్కడ వేరే బాత్రూము ఉంటదో లేదో అడిగినవా?"
అడగలే. అడగాలె.

గౌను శనివారం ఇచ్చిన. ఒక రియాల్ కట్టిన.
కొంగుకు వాదీ దుమ్ము, దుకాణపాయన
రెండుసార్లు దులిపి ఏమనకుంట మడత పెట్టిండు.

ఇంటికొచ్చేసరికి అమ్మ రేపటి డబ్బాలు తుడుస్తున్నది.
మూతకు సొట్ట ఉన్నదాన్ని ఎతికి
చీటీ పెట్టిన:
"ఉప్పు సరిజేసినం.
మిగిలింది చూస్తున్నం."